నమ్మి వెళ్లిన కుర్రాళ్ల యుద్ధ సినిమాలు: ఏది ముందు చూడాలి, ఏది ఎవరికి?

యుద్ధం మీద మంచి సినిమా ఒకటి చెప్పమని ఎవరైనా అడిగితే నేను వెంటనే పేరు చెప్పను. యుద్ధం చూడాలనుందా, కుర్రాళ్లని చూడాలనుందా అని అడుగుతాను. కొంతమందికి చిరాకేస్తుంది, సినిమా అడిగితే ప్రశ్నలేమిటని. కానీ ఆ జవాబుని బట్టి జాబితా మొత్తం మారిపోతుంది. ట్యాంకులు, విమానాలు, వ్యూహాలు కావాలనుకునేవాళ్లకి నేను చెప్పే సినిమాలు వేరు. ఇక్కడ చెప్పబోయేది ఒక్క రకం కథ గురించి. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రాడు దేశం కోసమనో, పేరు కోసమనో, ఫ్రెండ్స్ అందరూ వెళ్తున్నారనో ఉత్సాహంగా సైన్యంలో చేరతాడు. కొన్నాళ్లకి ఆ ఉత్సాహం వాడిలో కనిపించదు. దాని చోటులో ఏమొచ్చి కూర్చుందో వాడూ చెప్పలేడు.

ఈ ఒక్క కథని రకరకాల దేశాల వాళ్లు తీశారు. అన్నీ గొప్పవే అని పేరున్నవి కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాలామంది ఆగిపోతారు. లేదా అన్నిటికంటే కష్టమైనదాన్ని మొదట పెట్టుకుని, అరగంటకి ఆపేసి, ఇక ఆ వైపు చూడరు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

రేటింగులు, అవార్డులు పక్కన పెట్టండి. నేను చూసేవి నాలుగు.

మొదటిది, వాడి నమ్మకాన్ని సినిమా మనకి ఎంతసేపు చూపించింది అన్నది. ఏదో పోగొట్టుకున్నాడని మనకి అనిపించాలంటే ముందు వాడి దగ్గర అది ఉండాలి కదా. చాలా సినిమాలు ఇక్కడే తొందరపడతాయి. మొదటి సీన్ నుంచే బురద, రక్తం, అరుపులు. భయం వేస్తుంది, నిజమే. కానీ వాడు ఇంతకు ముందు ఎలా నవ్వేవాడో మనకి తెలియదు.

రెండోది, ఆ నమ్మకం ఎలా విరిగింది అన్నది. కర్ర విరిగినట్టు విరగడం వేరు, పాలు విరిగినట్టు విరగడం వేరు. కర్ర విరిగితే చప్పుడు వినిపిస్తుంది. ఫలానా రాత్రి, ఫలానా చావు దగ్గర అని వేలు పెట్టి చూపించొచ్చు. పాలు విరిగితే అలా చెప్పలేం. ఎప్పుడో విరిగిపోయాయి, మనం చూసుకునేది మాత్రం తర్వాత. సినిమాకి మొదటిది తేలిక, రెండోది చాలా కష్టం. రెండో రకం నాకు ఎక్కువ ఇష్టమని ముందే చెప్పేస్తున్నా, నా సలహాల్లో ఆ పక్షపాతం ఉంటుంది.

మూడోది ఇల్లు. సెలవు మీద ఇంటికి వచ్చే సీన్ ఉందా? కనీసం ఇల్లు అనేది ఒకటుందని సినిమా గుర్తుచేస్తుందా? సరిహద్దులో ఉన్నంతసేపు వాడు మారిన సంగతి బయటపడదు, చుట్టూ అందరూ అలాగే ఉంటారు కాబట్టి. అమ్మ ఎదురుగా కూర్చున్నప్పుడు తెలుస్తుంది.

నాలుగోది, మీరు ఎంత తట్టుకోగలరు అన్నది. రక్తం చూడలేకపోవడం ఒకటి, మనసు మీద పడే బరువు మోయలేకపోవడం ఇంకొకటి. రక్తం పెద్దగా లేకుండానే వారం రోజులు వెంటాడే సినిమా ఈ జాబితాలో ఉంది.

నిడివి, భాష అంటారా, వీటిలో చాలావరకు రెండు గంటలు, రెండున్నర గంటలు. కొన్ని ఇంగ్లీష్, కొన్ని జర్మన్, ఒకటి సోవియట్ సినిమా. సబ్‌టైటిల్స్ చదవడం అలవాటు లేకపోతే ఇంగ్లీషువాటితో మొదలుపెట్టండి, అంతే.

| సినిమా | యుద్ధం | కుర్రాళ్లు | నమ్మకం విరిగే చోటు | తీవ్రత |
|---|---|---|---|---|
| ఆల్ క్వైట్ ఆన్ ది వెస్ట్రన్ ఫ్రంట్ (1930) | మొదటి ప్రపంచ యుద్ధం | జర్మన్ విద్యార్థులు | మెల్లగా. ఇంటికి వచ్చాక బయటపడుతుంది | మధ్యస్థం |
| అదే కథ, టీవీ సినిమా (1979) | అదే | అదే | మెల్లగా | మధ్యస్థం |
| అదే కథ, జర్మన్ భాషలో (2022) | అదే | అదే | మొదటి రాత్రే | చాలా ఎక్కువ |
| ది బ్రిడ్జ్ (1959) | రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజులు | పదహారేళ్ల ఏడుగురు | ఒక వంతెన మీద, ఒకే రోజు | ఎక్కువ |
| గల్లిపొలి (1981) | మొదటి ప్రపంచ యుద్ధం | ఆస్ట్రేలియా పరుగు పందెగాళ్లు | చూసేవాళ్లలో | తక్కువ, చివరి నిమిషాలు తప్ప |
| కమ్ అండ్ సీ (1985) | రెండో ప్రపంచ యుద్ధం, బెలారస్ | ఒక పల్లెటూరి పిల్లాడు | ముఖం మీద | భరించడం కష్టం |
| ప్లటూన్ (1986) | వియత్నాం | కాలేజీ మానేసి వచ్చినవాడు | సొంత పటాలంలోనే | ఎక్కువ |
| ఫుల్ మెటల్ జాకెట్ (1987) | వియత్నాం | కొత్తగా చేరిన మెరీన్లు | ట్రైనింగ్‌లో | ఎక్కువ |

## ఒక నవల, మూడు సినిమాలు

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే కాబట్టి దీని మీద ఎక్కువసేపు ఉంటాను.

'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్ట్రన్ ఫ్రంట్' మూడు సినిమాలకీ మూలం ఎరిక్ మరియా రెమార్క్ రాసిన జర్మన్ నవల. 1928 చివర్లో ఒక బెర్లిన్ పత్రికలో సీరియల్‌గా వచ్చి, 1929 జనవరిలో పుస్తకమైంది. రెమార్క్ తనంతట తాను ఉత్సాహపడి వెళ్లినవాడు కాదు. పద్దెనిమిదేళ్లకి సైన్యంలోకి పిలుపొచ్చింది, 1917 జూలైలో గాయపడ్డాడు, మిగతా యుద్ధకాలంలో ఎక్కువభాగం ఆస్పత్రిలో గడిపాడు. నవలలో పాల్ బాయ్‌మర్ అనే కుర్రాడు, వాడి క్లాసుమేట్లు. కాంటోరెక్ అనే మాస్టారు క్లాసులో ఉపన్యాసాలు దంచి వాళ్లని సైన్యంలో చేర్పిస్తాడు. అక్కడ కాట్ అనే పెద్దవాడు వాళ్లకి అన్నలాగో నాన్నలాగో దొరుకుతాడు. ఎక్కడ తిండి దొరుకుతుందో, ఏ గుండు ఎటు పడుతుందో వాసన పట్టగల మనిషి.

నవలలో నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలేది యుద్ధం సీన్ కాదు. పాల్ సెలవు మీద ఇంటికొస్తాడు. తన గదిలో, తను కష్టపడి డబ్బులు కూడబెట్టి కొనుక్కున్న పుస్తకాల ముందు కూర్చుంటాడు. పాత ఇష్టం తిరిగి వస్తుందేమోనని ఎదురుచూస్తాడు. రాదు. అక్కడ ఎవరూ చావరు, ఒక్క గుండు పేలదు. పాలు విరిగిపోయాయని తెలిసేది అప్పుడే.

ఇక సినిమాలు. 1930 నాటిది లూయిస్ మైల్‌స్టోన్ తీశాడు. అమెరికన్ సినిమా, అందుకే జర్మన్ కుర్రాళ్లు ఇంగ్లీష్ మాట్లాడతారు. మొదట్లో కాస్త వింతగా ఉంటుంది, పది నిమిషాలకి అలవాటైపోతుంది. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు, రెండు ఆస్కార్లూ దీనికి వచ్చాయి. మాటల సినిమాలు అప్పుడప్పుడే వస్తున్న కాలం కాబట్టి కొందరి నటన నాటకంలా అనిపిస్తుంది. ముఖ్యంగా కాంటోరెక్ మాస్టారు క్లాసులో రెచ్చిపోయే సీన్. అయితే ఆ పాత్ర బతికేదే నాటకీయత మీద, కాబట్టి అక్కడది లోపం అనిపించలేదు నాకు. మాస్టారు మాట్లాడుతుంటే కెమెరా ఒక్కొక్క పిల్లాడి ముఖం మీదకి వెళ్తుంది. ఆ ముఖాల్లో మెరుపు చూస్తాం. తర్వాత రెండు గంటలు ఆ మెరుపు లెక్క చెల్లిస్తూ ఉంటాం.

ఇందులో బూట్ల కథ చూడండి. చనిపోతున్న స్నేహితుడి మంచి బూట్లు ఇంకొకడికి వస్తాయి, వాడు పోతాడు, ఇంకొకడు తొడుక్కుంటాడు. మాటలు దాదాపు లేకుండా, బూట్ల మీదే కెమెరా పెట్టి చెప్పేశాడు. గుంటలో పాల్ చేతిలో గాయపడి చనిపోయే ఫ్రెంచ్ సైనికుడిగా వేసిన రేమండ్ గ్రిఫిత్ మూకీల రోజుల్లో పేరున్న హాస్యనటుడు. గొంతు దెబ్బతిన్నందువల్ల టాకీల్లో నటించలేకపోయాడు. మాట లేని ఈ పాత్రతో నటన ముగించాడు.

సెలవు భాగం ఈ సినిమాలో పూర్తిగా ఉంది. నాన్న, ఆయన స్నేహితులు బీరు తాగుతూ టేబుల్ మీద మ్యాప్ పరిచి, పారిస్ మీదకి ఎలా వెళ్లాలో సరిహద్దు నుంచి వచ్చిన కుర్రాడికి నేర్పుతారు. అది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. పాల్ తన పాత క్లాసురూముకి వెళ్తాడు. మాస్టారు ఇంకా అదే ఉపన్యాసం ఇస్తుంటాడు, కొత్త బ్యాచ్‌కి. పాల్ నిజం చెప్తే పిల్లలు వాడినే పిరికివాడంటారు. నవలలో ఇది వేరేగా ఉంటుంది. అక్కడ కాంటోరెక్‌నే సైన్యంలోకి లాగి, పాత శిష్యుడే అతనితో డ్రిల్ చేయిస్తాడు. చదివేవాడికి ఆ కక్ష తీరడం హాయిగా ఉంటుంది. సినిమా ఆ హాయి ఇవ్వదు, అందుకే నాకు సినిమా మార్పే మెరుగనిపిస్తుంది.

1930 డిసెంబర్‌లో బెర్లిన్‌లో ఈ సినిమా ఆడుతుంటే గోబెల్స్ నాయకత్వంలో నాజీలు హాల్లోకి తెల్ల ఎలుకల్ని వదిలి, కంపు బాంబులు వేసి గొడవ చేశారు. కొద్ది రోజులకే జర్మన్ సెన్సార్ సినిమాని నిషేధించింది. 1933లో నవలని కూడా తగలబెట్టారు. పాల్‌గా నటించిన లూ ఎయిర్స్ రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టనని చెప్పి గొడవల్లో పడ్డాడు, తర్వాత పసిఫిక్ యుద్ధరంగంలో గాయపడినవాళ్లకి సేవ చేసే పనిలో ఉన్నాడు.

1979 నాటిది టీవీ కోసం డెల్బర్ట్ మాన్ తీసింది, రంగుల్లో. పాల్‌గా రిచర్డ్ థామస్, కాట్‌గా ఎర్నెస్ట్ బోర్గ్‌నైన్. నవలకి బాగా దగ్గరగా నడుస్తుంది, పాల్ గొంతుతో వ్యాఖ్యానం వినిపిస్తుంది. బ్లాక్ అండ్ వైట్ అసలు చూడలేను, 2022 దాని హింస కూడా వద్దు అనేవాళ్లకి ఇది మధ్య దారి. బోర్గ్‌నైన్ కోసమైనా చూడొచ్చు. అంతకు మించి దీని గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా లేదు. మంచి సినిమా, గుర్తుండే సినిమా కాదు.

2022 నాటిది ఎడ్వర్డ్ బెర్గర్ తీసింది, జర్మన్ భాషలో, నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఉత్తమ అంతర్జాతీయ చిత్రంతో కలిపి నాలుగు ఆస్కార్లు. మొదటి పది నిమిషాలు అద్భుతం. ఒక సైనికుడు చస్తాడు. వాడి యూనిఫారం విప్పి, మూటగట్టి, రక్తం ఉతికి, చిరుగులు కుట్టి, కొత్తగా చేరిన పాల్ చేతికిస్తారు. లోపల ఇంకొకడి పేరు ఉందని పాల్ అమాయకంగా చూపిస్తే, అక్కడున్నవాడు ఆ చీటీ పీకేసి, వాడికి సైజు సరిపోయి ఉండదులే అన్నట్టు సర్దిచెప్తాడు. 1930 సినిమాలో బూట్లు చేసిన పనిని ఇక్కడ కోటు చేసింది. ఇంతకంటే మంచి మొదలు ఈ జాబితాలో దేనికీ లేదు.

తర్వాతే నాకు పేచీ. పాల్ సరిహద్దుకి చేరతాడు, మొదటి రాత్రే స్నేహితుణ్ని పోగొట్టుకుంటాడు. ఆ వెంటనే కథ ఏడాదిన్నర ముందుకి దూకి 1918 నవంబర్‌కి వెళ్లిపోతుంది. కుర్రాడు సైనికుడైంది ఆ ఏడాదిన్నరలోనే, అదే మనకి చూపించలేదు. సెలవు మీద ఇంటికి వెళ్లే భాగం మొత్తం తీసేశారు. దాని బదులు యుద్ధ విరమణ చర్చలు పెట్టారు. మాథియాస్ ఎర్జ్‌బెర్గర్ అనే రాజకీయ నాయకుడు, నిజంగా ఉన్న మనిషి, కాంపియేన్ అడవిలో రైలు పెట్టెలో సంతకం పెట్టడం. ఇది నవలలో లేదు. చివర్లో ఒక జనరల్ పంతంతో చేయించే దాడి కూడా కల్పితమే. కాల్పుల విరమణ మీద నవంబర్ 11 తెల్లవారుజామున సంతకాలయ్యాయి, పదకొండు గంటల నుంచి అమల్లోకి వచ్చింది, ఆ మధ్య గంటల్లో కూడా మనుషులు చచ్చారు. అంతవరకు చరిత్ర.

పెద్దవాళ్లు పై నుంచి తప్పు చేశారు, కుర్రాళ్లు చచ్చారు అన్నది 2022 సినిమా చెప్పేది. అది నిజమే, కానీ తేలికైన నిజం. మన నాన్నే, మన మాస్టారే, మనల్ని ప్రేమించేవాళ్లే పంపించారు అన్నది 1930 సినిమా చెప్పేది. అయినా 2022 దాన్ని తీసిపారేయలేను. కాట్‌కి చదవడం రాదు. వాడి భార్య రాసిన ఉత్తరం పాల్ చదివి వినిపించే సీన్, గుంటలో ఫ్రెంచ్ సైనికుడితో గడిపే సీన్ ఎంత మంచి సినిమాలోనైనా నిలబడతాయి. కెమెరా పనితనం ఎంత బావుంటుందంటే, పొగమంచులో చెట్లు చూసి ఆహా అనుకుని, తర్వాత సిగ్గుపడ్డాను. ఆస్పత్రిలో ఒక ఆత్మహత్య సీన్ ఉంది, ముందే తెలిసి ఉంటే మంచిది.

మూడింటిలో ఒక్కటే చూసే టైముంటే 1930 చూడండి. పాతకాలంలో కత్తిరించిన చిన్న ప్రతులు కూడా తిరుగుతుంటాయి, నిడివి రెండు గంటల పైన ఉన్న పునరుద్ధరించిన ప్రతి వెతకండి. రెండు చూస్తే 1930 తర్వాత 2022. ఆ వరసలో చూస్తే, రెండో దాంట్లో లేని సెలవుని మీరే నింపుకుంటారు. తిరగేసి చూస్తే 1930 నెమ్మదిగా ఉందనిపించే ప్రమాదం ఉంది.

## ది బ్రిడ్జ్: ఒక్క రోజులో

బెర్న్‌హార్డ్ విక్కీ 1959లో తీసిన జర్మన్ సినిమా. అంతగా పేరు వినపడదు గానీ, ఈ జాబితాలో అందరికీ నేను అంటగట్టాలని చూసేది ఇదే. 1945 ఏప్రిల్, యుద్ధం దాదాపు ముగిసింది, ఆ సంగతి పెద్దవాళ్లందరికీ తెలుసు. పదహారేళ్ల ఏడుగురు కుర్రాళ్లకి మాత్రం తెలియదు. సైన్యం నుంచి పిలుపొస్తే గంతులేస్తారు.

దాదాపు సగం సినిమా ఊళ్లోనే నడుస్తుంది. ఒకడికి నాన్నతో గొడవ, ఒకడికి క్లాసులో అమ్మాయి మీద ఇష్టం, ఒకడు అందరికంటే పొట్టి. ఒక్క రోజు ట్రైనింగ్ ఇస్తారు. ఒక అధికారి జాలిపడి, ఎలాగూ పేల్చేయబోతున్న, ఎవరికీ అక్కరలేని వంతెనకి వాళ్లని కాపలా పెడతాడు. ప్రమాదానికి దూరంగా ఉంటారని. జాలితో చేసిన ఆ పనే కొంప ముంచుతుంది. వాళ్లని చూసుకోవాల్సిన సార్జెంట్ కాఫీ కోసం ఊళ్లోకి వెళ్లి, పారిపోతున్నాడన్న అనుమానంతో సొంతవాళ్ల చేతిలోనే చస్తాడు. వంతెన మీద ఏడుగురు పిల్లలు, ఎదురుగా అమెరికన్ ట్యాంకులు వస్తున్నాయి. వెళ్లిపోండని చెప్పే పెద్ద మనిషి ఒక్కడూ లేడు.

గ్రెగర్ డార్ఫ్‌మైస్టర్ తన సొంత అనుభవంతో, మాన్‌ఫ్రెడ్ గ్రెగర్ అన్న కలంపేరుతో రాసిన నవల దీనికి ఆధారం. ఇక్కడ నమ్మకం కర్ర విరిగినట్టే విరుగుతుంది, చప్పుడుతో. కానీ ముందు గంటసేపు ఆ కర్రని చేతిలో పట్టుకుని తిరిగాం కాబట్టి ఆ చప్పుడు మనకీ తగులుతుంది. బ్లాక్ అండ్ వైట్, రెండు గంటల లోపే.

## గల్లిపొలి: నమ్మినవాడు, నమ్మనివాడు

పీటర్ వియర్ 1981లో తీసిన ఆస్ట్రేలియా సినిమా. ఆర్చీ, ఫ్రాంక్ ఇద్దరూ పరుగు పందెగాళ్లు. ఆర్చీకి యుద్ధం ఒక పెద్ద సాహసం. వయసు చాలకపోయినా అబద్ధం చెప్పి చేరాలనుకుంటాడు. ఫ్రాంక్‌కి ఇది మన యుద్ధం కాదు, ఇంగ్లండ్‌వాళ్ల యుద్ధం. స్నేహం కోసం, కొంత మొహమాటం కోసం వెళ్తాడు.

ఎడారి దాటుతుంటే ఒంటెలతో వెళ్తున్న ముసలాయన కలుస్తాడు. యుద్ధం సంగతే ఆయనకి తెలియదు. వాళ్లని అక్కడే ఆపకపోతే ఇక్కడికొచ్చేస్తారంటాడు ఆర్చీ. ఆయన చుట్టూ ఉన్న ఖాళీ ఎడారి వైపు చూసి, వస్తే రానీ అన్నట్టు మాట్లాడతాడు. వాదన మొత్తం ఆ చూపులో అయిపోయింది.

సినిమాలో చాలా భాగం యుద్ధమే ఉండదు. పరుగులు, ప్రయాణం, ఈజిప్టులో అల్లరి. కుర్రాళ్ల సినిమా చూస్తున్నట్టే ఉంటుంది. చివరికి 1915 ఆగస్టు 7న, టర్కీలోని గల్లిపొలిలో 'ది నెక్' అనే ఇరుకు గుట్ట మీద జరిగిన దాడికి వస్తుంది. ఇది నిజంగా జరిగింది. ఫిరంగుల కాల్పులు అనుకున్న టైముకంటే ఏడు నిమిషాలు ముందే ఆగిపోయాయి, టర్కీ సైనికులు తీరిగ్గా కందకాల్లోకి తిరిగొచ్చారు, అయినా వరస వెనక వరస ముందుకి పంపారు. తప్పంతా ఇంగ్లీష్ అధికారులదన్న అభిప్రాయం సినిమా చూస్తే కలుగుతుంది. నిజానికి అక్కడ ఆజ్ఞలిచ్చింది ఆస్ట్రేలియా అధికారులే. చరిత్ర కోసం చూసేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి.

దీనిలో ఒక వింత ఉంది. ఆర్చీ నమ్మకం చివరిదాకా విరగదు. విరిగేది చూస్తున్న మనకి. వాడు ఎంత హుషారుగా పరిగెడితే మనకి అంత గుండె బరువు. అందుకే భ్రమ వదలడం గురించిన సినిమా అంటే కొందరు ఒప్పుకోరు. నేను ఒప్పుకుంటాను.

## వియత్నాం నుంచి రెండు

ఆలివర్ స్టోన్ వియత్నాంలో నిజంగా పోరాడి వచ్చినవాడు. 'ప్లటూన్' హీరో క్రిస్ కూడా ఆయనలాగే కాలేజీ మానేసి, తనంతట తాను చేరినవాడు. పేదవాళ్ల పిల్లలే ఎందుకు చావాలి అన్నది వాడి ఆలోచన. ఆ మాట విని పక్కనున్న పేద సైనికులే నవ్వుతారు. ఆ నవ్వులోనే మొదటి పగులు. వాడి ముందు ఇద్దరు సార్జెంట్లు ఉంటారు. ఎలయస్‌లో ఇంకా మనిషి మిగిలి ఉన్నాడు, బార్న్స్‌లో లేడు. శత్రువు ఎక్కడో అడవిలో ఉంటాడు. అసలు యుద్ధం పటాలం లోపలే. మంచీ చెడూ ఇద్దరు మనుషులుగా పంచేయడం కొంచెం సినిమాటిక్‌గా ఉంటుంది, కాదనను. కానీ ఊరి మీద పడే సీన్ వచ్చేసరికి క్రిస్ కూడా శుభ్రంగా మిగలడు, అదే దీని బలం. ఆ సీన్‌లో ఆడవాళ్ల మీద, సామాన్యుల మీద హింస ఉంది. నాలుగు ఆస్కార్లు వచ్చాయి, ఉత్తమ చిత్రంతో కలిపి.

స్టాన్లీ కుబ్రిక్ తీసిన 'ఫుల్ మెటల్ జాకెట్'లో ట్రైనింగ్ క్యాంపు భాగం అందరికీ తెలిసిందే. డ్రిల్ మాస్టర్‌గా వేసిన లీ ఎర్మీ నిజజీవితంలోనూ మెరీన్లకి డ్రిల్ నేర్పినవాడు. గొప్ప సినిమా, కానీ మన అవసరానికి కాదు. ఇందులో కుర్రాళ్లు ఏ ఆశయంతో వచ్చారో చూపించరు, మొదటి సీన్లోనే తలలు గొరిగేస్తారు. మనుషుల్ని యంత్రాలుగా మార్చడం ఎలాగో చూడాలనుకుంటే ఇదే సరైనది.

## కమ్ అండ్ సీ: జాగ్రత్త

ఎలెమ్ క్లిమోవ్ తీసిన ఈ సోవియట్ సినిమా సెన్సార్ అడ్డంకులతో ఏళ్లపాటు ఆగి, 1985లో వచ్చింది. ఆయనకి ఇదే ఆఖరి సినిమా. 1943, జర్మన్ల ఆక్రమణలో ఉన్న బెలారస్. ఫ్లియోరా అనే పిల్లాడు ఇసుక తవ్వి తుపాకీ సంపాదిస్తాడు, అది ఉంటేనే గెరిల్లా దళంలో చేర్చుకుంటారు కాబట్టి. దొరికినప్పుడు వాడి నవ్వు చూడాలి. అమ్మ వద్దని ఏడుస్తుంటే కూడా నవ్వుతూనే వెళ్తాడు.

ఆ తర్వాత కథ చెప్పడం అనవసరం. కెమెరా వాడి ముఖాన్ని వదలదు. ఆ ముఖం మన కళ్ల ముందే ముసలిదైపోతుంది. బాంబు పడ్డాక వాడికి చెవులు పనిచేయవు, మనకీ చాలాసేపు ఆ గుయ్యిమనే శబ్దమే వినిపిస్తుంది. బెలారస్‌లో 628 పల్లెల్ని జనంతో సహా తగలబెట్టారని చివర్లో తెరమీద వస్తుంది. రక్తం మీరు అనుకున్నంత ఉండదు. వారం రోజులు వెంటాడే సినిమా అన్నది దీన్నే.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

ఈ తరహా సినిమా ఇంతవరకు ఒక్కటీ చూడకపోతే 'గల్లిపొలి'. కుర్రాళ్ల స్నేహం లోపలికి లాక్కుపోతుంది, యుద్ధం ఎప్పుడు వచ్చిందో తెలిసేలోపు వచ్చేస్తుంది.

పది, ఇంటర్ చదివే పిల్లలతో కూర్చుని చూడాలంటే 1930 సినిమా. క్లాసురూము, మాస్టారు, బెంచీలు వాళ్లకి తెలిసిన ప్రపంచం. 'ది బ్రిడ్జ్' కూడా వాళ్ల వయసుదే, అయితే ముందు మీరొక్కరే చూసి నిర్ణయించుకోండి. 'ప్లటూన్', 2022 సినిమా, 'కమ్ అండ్ సీ' పిల్లలకి వద్దు.

సైన్యంలో చేరతానంటున్న కుర్రాడి మనసు మార్చడానికి ఇవి చూపించాలని ఎవరైనా అనుకుంటే, ఆ పని చేయకండి. వాడికి అది వెంటనే అర్థమవుతుంది, సినిమా కాస్తా పాఠమైపోతుంది. పైగా యుద్ధం వద్దని చెప్పే సినిమాలు కూడా కొందరిలో ఉత్సాహమే నింపుతాయి. తెర మీద పరుగు, పేలుడు, స్నేహం కలిస్తే వయసులో ఉన్న ఒంట్లో రక్తం ఉరకడం సహజం. ఈ విషయంలో 'ది బ్రిడ్జ్' ఒక్కటే నాకు పూర్తిగా నమ్మకమైనది. అందులో ఉరకడానికి ఏమీ మిగల్చలేదు.

ఇంట్లో యుద్ధం చూసి వచ్చిన మనిషి ఉంటే, ఆయన్ని కూర్చోబెట్టి 2022 సినిమా గట్టి సౌండ్‌తో పెట్టకండి. ఆయన అడిగితే తప్ప అసలు ఏదీ పెట్టకండి.

చదవడం ఇష్టమైతే సినిమాలన్నిటికంటే ముందు రెమార్క్ నవల. పెద్దది కాదు, రెండు మూడు సాయంత్రాల్లో అయిపోతుంది. కందకాల్లో ఎలుకల్ని చంపడం, తిండి కోసం తంటాలు, బూతు జోకులు, వీటి మధ్య ఆ నిశ్శబ్దం. సినిమాలు ఏ ముక్క తీసుకున్నాయో, ఏది వదిలేశాయో అప్పుడు మీకే కనిపిస్తుంది.

రెండు సినిమాలు జంటగా చూడాలనుకునేవాళ్లకి నేనిచ్చే జంట 1930 నాటి 'ఆల్ క్వైట్', 'ది బ్రిడ్జ్'. ఒకే వారంలో చూడండి, అదే వరసలో. రెండూ జర్మన్ స్కూలు పిల్లల కథలే, రెండింటికీ మధ్య ఒక తరం తేడా. మొదటి దాని పేరే, కథ ముగిసే రోజు సైన్యం పంపిన నివేదికలోది: పశ్చిమ సరిహద్దులో విశేషమేమీ లేదు. రెండోది ముగిశాక తెరమీద వచ్చే మాట చదవకుండా ఆపేయకండి. వంతెన మీద జరిగినదాన్ని ఏ సైనిక నివేదికలోనూ ఎవరూ రాయలేదని అక్కడ ఉంటుంది.